సెలూన్ కాక క్యారెట్లు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా స్టాఫ్ రూములో, కొత్తగా చేరిన లెక్కల టీచర్ ఒక స్టీలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసింది. వేలంత పొడవున కోసి ఓవెన్లో కాల్చిన క్యారెట్లు. పైన తేనె మెరుపు, అక్కడక్కడ మిరియాల పలుకులు. ఫోన్లో చూసి మొదటిసారి చేశానంది. తలా ఒకటి తీసుకున్నాం. అందరూ బాగున్నాయి అంటే బాగున్నాయి అన్నారు.

నా వంతు వచ్చింది. "ఎట్లున్నయి మేడమ్?" అని అడిగింది.

"మంచిగున్నయి. కానీ తేనె ముందే పోసినవు. ఆఖరి పది నిమిషాలప్పుడు పొయ్యాలి. లేకపోతే ఇట్ల అంచులు మాడి చేదొస్తది" అన్నాను.

పక్కన కూర్చున్న హిందీ టీచర్ బల్ల కింద నా మోకాలిని తట్టింది. కొత్తమ్మాయి, మనసు నొచ్చుకుంటుందని ఆమె భయం. ఒకప్పుడు నేనూ అట్ల తట్టే మనిషినే. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోకుండా ఉంటే చాలు, నోటికి ఏది వస్తే అది అనేసేదాన్ని. ఆ అలవాటు నాకు మాన్పించింది ఒకే ఒక్క మనిషి. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆ క్యారెట్ ముక్క నోట్లో ఉండగా ఆయన కళ్ళ ముందు నిలబడ్డారు, కాళ్ళు ఎడంగా పెట్టుకుని.

మౌలాలిలో అందరూ ఆయన్ని సెలూన్ కాక అనేవాళ్ళు. అసలు పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. రైల్వే కాలనీ దాటినాక ఒక సందులో వాళ్ళ ఇల్లు. పైన ఉన్న రెండు గదులు మేము అద్దెకు తీసుకున్నాం. నేను పుట్టి పెరిగింది బన్సీలాల్‌పేటలో. మౌలాలి నాకు కొత్త. ఇల్లు చూపించిన మనిషి "కింద సెలూన్ కాక ఉంటడు, శానా మంచోడు" అని చెప్పాడు. మా ఆయన ఆ మాట గుర్తు పెట్టుకున్నాడు. దిగిన మొదటి ఆదివారం పొద్దున భుజాన తువ్వాలు వేసుకుని కిందికి పోయి, "కాకా, ఇప్పుడు కటింగ్ అయితదా?" అని అడిగాడు.

కాక కత్తి పట్టుకునే బయటికి వచ్చారు. "ఏం కట్ చెయ్యాలె బిడ్డా, క్యారెటా?"

అప్పుడు తెలిసింది ఆయన మంగలి సెలూన్ మనిషి కాదని. రైల్వేలో పెద్ద పెద్ద ఆఫీసర్లు లైను తనిఖీకి పోయేటప్పుడు రైలుకు ఆఖరున ఒక ప్రత్యేకమైన పెట్టె తగిలిస్తారు. దాన్ని సెలూన్ అంటారు. అందులో పడక గది, బల్ల కుర్చీలు ఉన్న గది, ఒక మూలకు బెత్తెడు వంటిల్లు. ఆ వంటింట్లో కాక ముప్ఫై ఏళ్ళు వంట చేశారు. ఆ రోజు మా ఆయన తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని, కాల్చిన క్యారెట్లు ఒక ప్లేటు నిండా తీసుకుని పైకి వచ్చాడు. అదే నేను మొదటిసారి తినడం.

కూర అనుకుందామంటే కూర కాదు. తీపి వంటకమూ కాదు. ముందు ఉప్పు, వెంటనే బెల్లం, నమిలేటప్పుడు మిరియం, మింగాక వెన్న, ఆ తర్వాత ఎక్కడో దంచిన ధనియాలు. పప్పన్నం పక్కన రెండు ముక్కలు పెట్టుకుంటే అన్నం తెలియకుండానే అయిపోయింది. కాక దానికి పేరేమీ పెట్టలేదు. "పక్కది" అనేవారు. "పక్కది పంపించిన, తిన్నరా?" అని మెట్ల దగ్గర నిలబడి అడిగేవారు.

ముప్ఫై ఏళ్ళు కదిలే వంటింట్లో నిలబడిన మనిషి. రిటైరై నేల మీదికి వచ్చినా ఆ కదలిక ఒంట్లో నుంచి పోలేదు. పొయ్యి ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, తుంటిని గట్టుకు ఆనించి నిలబడేవారు. ఏ గిన్నె పెట్టాలన్నా ముందు గట్టు మీద తడిబట్ట పరిచేవారు, గిన్నె జారకుండా. "ఇల్లు కదలదు కద కాకా" అంటే, "నాకెరుకే. చెయ్యికి ఎరుక లేదు" అనేవారు. ఏ పాత్రనూ సగానికి మించి నింపేవారు కాదు. చాయ్ కూడా సగం కప్పే. అది తాగినాక ఇంకో సగం పోసేవారు. మా చుట్టాలు కొందరు మొదటి సగం తాగి, ఈయన ఇంతే ఇస్తాడు కాబోలు అనుకుని లేచి వచ్చేసిన సందర్భాలు ఉన్నాయి. పాపం, వెనక కాక చాయ్ గిన్నె పట్టుకుని వాకిలి దాకా వచ్చి నిలబడేవారు.

వాళ్ళావిడను నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆమె కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు కోస్తే, ఆయన నిలబడి కత్తితో కోసేవారు. ఇద్దరి వంటలు వేరు, గట్లు వేరు. వారమంతా వంటిల్లు చిన్నమ్మది. ఆదివారం పొద్దున మాత్రం ఆయనది. "కూరల బెల్లం ఏందో, గా ఆఫీసర్లు ఎట్ల తిన్నరో" అని సణుగుతూనే ఆమె నాలుగు ముక్కలు విడిగా తీసి దాచుకునేది.

ఆ క్యారెట్లు ఆయన చేస్తుంటే చూడాలి. వేలంత లావుకు మించినవి కొనేవారు కాదు. తొక్క తీసేవారు కాదు, కొబ్బరి పీచుతో రుద్ది కడిగేవారు. తర్వాత పాత పంచె ముక్క పరిచి, ఒక్కొక్కటీ విడిగా తుడిచేవారు. పసిపిల్లకు స్నానం చేయించి తుడిచినట్టే తుడిచేవారు. "నీళ్ళుంటే ఉడుకుతది. మనకు ఉడుకుడు కాదు, కాలుడు కావాలె." నిలువుగా రెండుగా చీల్చి, వెన్న, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ధనియాలు పట్టించి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చేవారు. ఆయన దగ్గర మూత మీద గాజు బిళ్ళ ఉన్న గుండ్రటి పాత కరెంటు ఓవెన్ ఒకటి ఉండేది. దాని ముందు స్టూలు వేసుకుని కూర్చునేవారు. గడియారం చూసేవారు కాదు, వినేవారు. లోపల చిటపట తగ్గి సన్నటి బుసలా మారినప్పుడు మూత తీసి, బెల్లం పాకంలో నిమ్మరసం కలిపి చల్లి, మళ్ళీ మూసేవారు. ఆఖర్న ఒక ముక్క తీసి రెండు కొసలూ పట్టుకుని వంచేవారు. విరగకుండా వంగితే అయినట్టు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు కింద ఇద్దరికీ జ్వరం వచ్చింది. చిన్నమ్మకు తొందరగానే తగ్గింది. కాక పదిహేను రోజులు మంచం మీదే ఉన్నారు. తర్వాత లేచారు, నడిచారు, మళ్ళీ ఆదివారాలు షురూ అయినాయి. అంతా మామూలే అనుకున్నాం.

ఒక సాయంత్రం నేను పైన బట్టలు మడత పెడుతుంటే పాలు మాడుతున్న వాసన వచ్చింది. మా పొయ్యి మీద ఏమీ లేదు. పరుగున కిందికి దిగాను. చిన్నమ్మ గుడికి పోయింది. వంటింట్లో గిన్నె అడుగు నల్లబడి పొగ లేస్తోంది. దానికి నాలుగడుగుల దూరంలో, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని కాక పేపర్ చదువుకుంటున్నారు.

నేను పొయ్యి కట్టేసి, "కాకా, పాలు మాడి బొగ్గయినయి, మీకు తెలుస్తలేదా?" అన్నాను.

ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టారు. గిన్నె వైపు చూశారు, నా వైపు చూశారు. "జలుబు" అన్నారు. మళ్ళీ ఆయనే, "జలుబు కాదు బిడ్డా. జ్వరం పోయింది. పోతూ పోతూ ముక్కును సుత తీస్కపోయింది" అన్నారు.

నాలుగు నెలలైందట. నాలుకకు ఉప్పు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది, పులుపు, చేదు తెలుస్తాయి. వాసన మాత్రం లేదు. మల్లెపువ్వు లేదు, అగరుబత్తి లేదు, కాలిన మిరపకాయ లేదు. డాక్టరు కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అన్నాడట.

"చిన్నమ్మకు తెలుసా?"

"చెప్పలే. చెప్తే పొయ్యి ముట్టనిస్తదా? గ్యాస్ లీకైనా తెల్వదు కద నాకు." ఆయన గొంతు తగ్గించారు. "వారంల ఒక్క పూట నిలబడుతున్న ఆడ. అది సుత పోతే నేనేం చెయ్యాలె ఇంట్ల కూసొని?"

ఆ రోజు నుంచి నేను ఆయన ముక్కునయ్యాను. ఆదివారం పొద్దున కింది నుంచి పిలుపు వచ్చేది. "బిడ్డా, జెర ముక్కు తీస్కరా." దిగి పోయి, వెన్న వాసన చూసి, ధనియాలు వాసన చూసి, సిలిండర్ దగ్గర ఒకసారి వంగి చూసి, బాగుంది అని చెప్పి వచ్చేదాన్ని. చిన్నమ్మకు ఇదంతా ఏదో రుచి చూపించడం అనిపించేది. నాకు ఆ పని చాలా ఇష్టంగా ఉండేది. నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగా కూడా ఉండేది.

బొల్లారంలో ఒక రిటైర్డ్ ఆఫీసర్ ఉండేవారు. కాక ఆయన్ని పెద్దసార్ అనేవారు. పదకొండేళ్ళు ఆయన సెలూన్లోనే వంట చేశారట. ఆయనకు ఎనభై నిండుతున్నాయని పిల్లలు ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే భోజనం పెట్టుకున్నారు. పెద్దసార్ స్వయంగా ఫోన్ చేసి, "మిగతావన్నీ క్యాటరింగ్ వాళ్ళవి. ఆ క్యారెట్లు మాత్రం నువ్వే చేసి తేవాలోయ్" అన్నారు. ఆ ఫోన్ తర్వాత వారం రోజులు కాక నడకే మారిపోయింది. సందు చివర ఇస్త్రీ చేసే ఆయనకు తెల్ల చొక్కా ఇచ్చి, రెండుసార్లు పోయి అయిందా లేదా అని చూసి వచ్చారు.

ఆ ఆదివారం పదిన్నరకు గానీ పిలుపు రాలేదు. నేను దిగేసరికి మొదటి పళ్ళెం అయిపోయింది, రెండోది ఓవెన్లో ఉంది. కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాని మీద మరక పడకుండా తువ్వాలు కట్టుకుని నిలబడ్డారు. "సూడు బిడ్డా" అని వెన్న గిన్నె, పళ్ళెం నా ముందుకు జరిపారు.

వంగి చూశాను. వెన్నలో ఏదో తేడా ఉంది. నూనె డబ్బా అడుగున ఉండిపోయిన నూనెకు వస్తుందే, ఆ ముక్కిన వాసన. ఆ వారమంతా కరెంటు పోతూ వస్తూ ఉంది, ఫ్రిజ్ సరిగా పనిచేయలేదు. పళ్ళెంలో మిరియాలు, బెల్లం పైకి తెలుస్తున్నాయి కానీ అడుగున అదే ఉంది. ఎక్కువ కాదు, కొంచెమే. తల ఎత్తాను. ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. కొత్త బట్టలు వేసుకుని ఫోటోకి నిలబడిన మనిషిలా ఉన్నారు. బయట ఆటో వచ్చి ఆగింది. ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? రెండు పళ్ళేలూ పారేయాలి. మళ్ళీ చేయడానికి టైము లేదు. వట్టి చేతులతో పోవాలి. బెల్లం వాసన కప్పేస్తుందిలే అనుకున్నాను.

"బాగుంది కాకా" అన్నాను.

"నువ్వు సుత రా బిడ్డా. నా ముక్కు నాతోని ఉండాలె" అని నన్ను కూడా ఆటో ఎక్కించుకున్నారు.

బొల్లారంలో పెద్ద పాత ఇల్లు, వరండాలో పొడుగాటి బల్ల. పదిహేను మంది దాకా ఉన్నారు. కాక ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే వడ్డించారు. ప్రతి ప్లేటులో ఎడమ వైపు, అన్నానికి తగలకుండా, రెండేసి ముక్కలు. పెద్దసార్ మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నారు. నమలడం నెమ్మదించింది. అయినా మింగి, రెండోది కూడా తిని, "ఎన్నేళ్ళకు మళ్ళీ. నువ్వేం మారలేదోయ్" అన్నారు. కాక తల వంచి నవ్వారు.

అటు చివర కూర్చున్న పదేళ్ళ పిల్ల "అమ్మా, ఇవి ఏదో వాసన వస్తున్నాయి" అంది. మెల్లగానే అంది కానీ వరండాలో అందరికీ వినిపించింది. వాళ్ళమ్మ పిల్ల చేయి నొక్కింది. పెద్దసార్ కోడలు లేచి, "పళ్ళెం ఖాళీ చేసి తెస్తాను" అంటూ మొదటి పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

కాక బల్ల పొడవునా చూశారు. అన్ని ప్లేట్లలో, ఎడమ అంచున, ఒక్కొక్క కొరుకు కొరికి పక్కకు నెట్టిన ముక్కలు ఉన్నాయి. రెండో పళ్ళెంలో నుంచి ఒకటి తీసుకుని తిన్నారు. ఆయన నాలుకకు ఉప్పు సరిపోయింది, తీపి సరిపోయింది. నమిలి మింగి నా వైపు చూశారు. నేను మంచినీళ్ళ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో నేరేడ్‌మెట్ దాటింది. కాక ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

"పొద్దుగాల నీకు తెలిసిందా బిడ్డా?"

అబద్ధం చెప్పొచ్చు. నాకు తెలియలేదు, అప్పటికి బాగానే ఉంది అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలిసింది కాకా."

"మరి చెప్పలేదేంది?"

"మీరు అంత సంతోషంగ ఉన్నరు. పాడు చెయ్యొద్దని..."

ఆయన తల ఊపారు. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండేది. "నేను సంతోషంగ ఉన్ననా లేదా అని నిన్ను అడిగిననా? వెన్న ఎట్లుందని అడిగిన" అన్నారు.

ఆ సాయంత్రం ఆయనే చిన్నమ్మను కూర్చోబెట్టి ముక్కు సంగతి చెప్పేశారు. ఆమె ఏడ్చిందట, తిట్టిందట, ఆఖరికి పొయ్యి లైటర్ తీసి తన బీరువాలో పెట్టుకుందట. రెండు రోజుల తర్వాత నేను మెట్లు దిగుతుంటే ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు. "సార్, ఆనాటి వెన్న పాతది. నాకు వాసన తెలుస్తలేదు ఇప్పుడు. చెప్పకుంట వచ్చిన, నాదే తప్పు. మాఫ్ చెయ్యిండ్రి." నా పేరు ఎత్తలేదు.

తర్వాత ఆదివారం పిలుపు రాలేదు. ఆపై ఆదివారం కూడా. ఓవెన్ మీద గుడ్డ కప్పేశారని చిన్నమ్మ చెప్పింది. ఎదురుపడితే కాక పలకరించేవారు, మర్యాదగానే. "బాగున్నరా మేడమ్?" అనేవారు. అంతకు ముందు ఒక్కనాడు కూడా నన్ను మేడమ్ అనలేదు. బడిలో రోజుకు వందసార్లు వినే మాట అది. మెట్ల దగ్గర ఆయన నోట వింటే మాత్రం ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేదాన్ని.

మూడు నెలలు అట్లే గడిచాయి. క్షమించమని అడగాలని రెండుసార్లు దిగాను, వాళ్ళు కూర్చోమంటే కూర్చుని, సగం కప్పు చాయ్ తాగి, ఇంకో సగం తాగి, ఏమీ అనకుండా లేచి వచ్చాను. ఏమని అడగాలి? చేసింది ఆయన కోసమే అని నా మనసులో ఇంకా ఒక మూల ఉండేది. అది ఉన్నంతకాలం ఆ మాట బయటికి రాదు.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం నేనే క్యారెట్లు కొన్నాను. కడిగాను, కోశాను, మా ఇంట్లో ఉన్న చిన్న ఓవెన్లో పెట్టాను. ఇన్నాళ్ళు చూశాను కదా, వస్తుందనుకున్నాను. గంట తర్వాత తీస్తే మధ్యలోవి మెత్తబడి నీళ్ళోడుతున్నాయి, అంచున ఉన్నవి నల్లబడ్డాయి. వాటినే ప్లేటులో పెట్టుకుని కిందికి పోయాను.

"కాకా, తిని చెప్పిండ్రి."

ఆయన నా వైపు చూసి, ప్లేటు వైపు చూసి, ఒకటి తీసుకున్నారు. కొసలు పట్టుకుని వంచారు. చేతిలోనే తెగిపోయింది. కొరికి, చాలాసేపు నమిలారు.

"తుడువలే. నీళ్ళతోనే పెట్టినవ్. ఒకదాని మీద ఒకటి కుప్ప పోసినవ్. ఉప్పు తక్కువ. బెల్లం ముందే వేసినవ్. బాగలేదు."

అంతే. పోనీలే అనలేదు, మొదటిసారి కదా అనలేదు. నాకు చెంప మీద కొట్టినట్టు ఉండాల్సింది. కానీ ఎందుకో మూడు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి తీసుకున్నట్టయింది. ఈయన నన్ను చిన్నపిల్లలా చూడలేదు, బాగు చేసుకోగలదని అనుకున్నారు కాబట్టే చెప్పారు. నేను ఆ రోజు ఆయనకు ఆ గౌరవమే ఇవ్వలేదు.

"మాడిందా? నాకు నలుపే కనవడుతున్నది" అన్నారు.

"మాడింది కాకా."

"ఎంత?"

"చేదొచ్చేంత. పొగ వాసన పట్టింది లోపలిదాక."

ఆయన లేచి ఓవెన్ మీది గుడ్డ లాగేశారు. "ఏమే, ఆ లైటర్ ఇటియ్యి. బిడ్డ ఉన్నది ఈడ" అని చిన్నమ్మను కేకేశారు.

ఆ తర్వాత రెండు చలికాలాలు మేం కలిసి చేశాం. నేను ఏదీ దాచలేదు. ఈ ధనియాలు పురుగు పట్టినయి, ఈ నూనె పాడయింది, మీ పంచె ముక్క ఉతకాలి కాకా, అన్నీ అనేదాన్ని. ఆయన ఒక్కసారి కూడా చిన్నబుచ్చుకోలేదు. అయితే ఆయనకు బాగుంది, బాగలేదు సరిపోలేదు. "ఎట్లొస్తున్నది చెప్పు" అనేవారు.

"వెన్న వాసన వస్తుంది."

"అది నాకెరుకే. ఎట్ల?"

నేను తెలుగు టీచర్‌ని. పిల్లలకు పర్యాయపదాలు చెప్పి పొట్ట పోసుకుంటున్నాను. వాసన చెప్పమంటే నాకు మాటలు లేవు. మొదట్లో తడుముకునేదాన్ని. మెల్లగా వచ్చాయి. "ఇప్పుడు పచ్చి మట్టి. వాన పడ్డది కాదు, గడ్డ తవ్వినప్పటిది." కాసేపటికి, "మట్టి పోయింది. వేయించిన వేరుశనగ పొట్టు." బెల్లం పోశాక, "చెరుకు గానుగ కాడికి పోయినట్టు. దాని మీద నిమ్మ తొక్క గిచ్చినట్టు." ఆయన స్టూలు మీద కళ్ళు మూసుకుని వినేవారు. ఉన్నట్టుండి చెయ్యి ఎత్తేవారు. "ఆఁ. ఆగు. దొరికింది." ఆయనకు నిజంగా వాసన వచ్చేదో, గుర్తొచ్చేదో నాకు తెలియదు. చెయ్యి మాత్రం కాసేపు అట్లనే గాలిలో ఉండేది.

మొదటి చలికాలంలోనే ఒకరోజు ఇద్దరం మళ్ళీ బొల్లారం పోయాం, ఒక్క పళ్ళెంతో. పెద్దసార్ ఒక్కరే ఉన్నారు. నాలుగు ముక్కలు తిని, వేళ్ళు తుడుచుకుని, "ఇదీ. పోయినసారివి బాగాలేవు" అన్నారు. తిరుగు ప్రయాణంలో ఆటో దిగేదాకా కాక ఆ మాటే నాకు మూడుసార్లు చెప్పారు.

రెండో చలికాలం పోయాక వచ్చిన ఎండల్లో కాక బాత్రూములో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, అయినా లేవలేకపోయారు. ఆసుపత్రిలో మూడు వారాలు వెల్లకిలా పడుకునే ఉన్నారు. చిన్నమ్మ పగలూ రాత్రీ అక్కడే. నేను బడి అయ్యాక ఒక్కోరోజు, ఆదివారాలు తప్పకుండా పోయేదాన్ని. మనిషి సగమయ్యారు. నిద్ర పట్టడం లేదని, నడుము దగ్గర మంట అని అనేవారు. ఆపరేషన్ నొప్పి అట్లనే ఉంటుందని అందరూ అనుకున్నారు.

మూడో ఆదివారం మంచం పక్కన కూర్చుంటే, "వార్డు ఎట్లున్నది చెప్పు బిడ్డా" అన్నారు. కళ్ళు మూసుకున్నారు.

చెప్పాను. "ఫినాయిల్. ఇప్పుడే తుడిచిండ్రు. స్పిరిట్. అటు మంచం కాడ ఎవరో బత్తాయి వొలుస్తున్నరు. ఇంకెవరిదో డబ్బాల ఆవకాయ ఉన్నది. కిటికీ దగ్గర తడి గోడ."

"ఇంకా?"

ఇంకొకటి ఉంది. నేను వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఉంది. అది వార్డుది కాదు, ఆయనది. కుళ్ళుకు దగ్గరగా, తియ్యగా ఉంది. చిన్నమ్మ అక్కడే ఉండీ ఉండీ ఆమెకు తెలియడం లేదు. నర్సులు పాపం పది మంచాల మధ్య పరుగెత్తుతున్నారు. ముసలాయన, శుభ్రత అంటే ప్రాణం ఇచ్చే మనిషి. ఆయన మొహం మీద ఎట్ల చెప్పాలి?

"ఆగినవ్" అన్నారు, కళ్ళు తెరవకుండానే.

"మీ దగ్గర వాసన వస్తుంది కాకా. మందులది కాదు. పుండు వాసన. వీపు కిందికెల్లి వస్తుంది."

చిన్నమ్మ చప్పున నా వైపు చూసింది. కాక కళ్ళు తెరిచారు. "నర్సమ్మను పిలువు" అన్నారు, అంతే.

ఇద్దరు నర్సులు కలిసి ఆయన్ని పక్కకు తిప్పారు. నడుము కింద, అరచెయ్యంత మేర చర్మం నల్లబడి పగిలి ఉంది. పెద్ద నర్సు నాలుక కరుచుకుంది. ఇంకో రెండు రోజులైతే ఎముక దాకా పోయేదని చెప్పింది. శుభ్రం చేసి కట్టు కట్టారు, గాలి పరుపు తెప్పించారు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చీటీ రాసి మంచానికి అంటించారు. అంతసేపూ కాక మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని ఉన్నారు. అన్నీ అయ్యాక, "గదా మంట" అన్నారు మెల్లగా. నా చెయ్యి తీసుకుని కాసేపు తన చేతిలో పెట్టుకున్నారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఉన్నారు. పదో రోజు పొద్దున గుండె ఆగింది. డాక్టర్లు వయసు అన్నారు.

ఇప్పుడు కూడా చిన్నమ్మ దగ్గరికి ఎవరైనా పరామర్శకు వచ్చి ఆఖరికి చాలా తక్లీఫ్ పడ్డడా అని అడిగితే, ఆమె మూడు వారాల సంగతి ఎత్తదు. "తొమ్మిది దినాలు మంచిగ నిద్రపోయిండు. ఒక పక్కకు ఒరిగి, చెయ్యి తల కింద పెట్టుకొని, ఒక్కసారి సుత మూలగకుంట పన్నడు" అని, ఆయన ఎట్ల పడుకున్నారో తన చెయ్యి తల కింద పెట్టుకుని చూపిస్తుంది.